వెనక యాభై ఐదు

"పంచావన్" అంది పద్మిని. అన్నాక తన గొంతు తానే విని ఉలిక్కిపడింది. టెటనస్ ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చిన నర్సు పేరు రాసుకుంది, వయసు రాసుకుంది, చివర్లో బరువెంత బేన్ అని గుజరాతీలో అడిగింది. అంతే, పదిహేనేళ్లుగా కూరల బండి దగ్గరా పాల డైరీ దగ్గరా వాడి వాడి అరిగిపోయిన గుజరాతీలో పద్మిని నోరు తనంతట తానే యాభై ఐదు అని చెప్పేసింది. నర్సు పెన్ను కాగితం మీద ఒక్క క్షణం ఆగింది. కళ్లెత్తి పద్మినిని చూసింది, తర్వాత తన బల్ల పక్కన గోడకి ఆనించి ఉన్న ముల్లు తూకం యంత్రాన్ని చూసింది. ఆదివారం పొద్దున్నే రోడ్డు మీంచి నేరుగా వచ్చిన ఆడమనిషిని దాని మీద ఎక్కమనడానికి మనసు రాలేదు కాబోలు, ఐదు పక్కన ఇంకో ఐదు వేసి వెళ్లిపోయింది. ఇప్పుడు కూడానా, అనుకుంది పద్మిని. మోచేతికి కట్టు, చున్నీ మీద ఆయన రక్తం, ఆయన ఆ తలుపు వెనక బల్ల మీద, ఇప్పుడు కూడానా.

తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. భర్త లక్ష్మీకాంత్ కుడి తొడ ఎముక రెండు ముక్కలైందని, ముందు తలకి స్కాన్ తీస్తామని, తర్వాత కాలి సంగతి చూస్తామని చెప్పి తీసుకెళ్లారు. స్కాన్ అయ్యేసరికి గంట పడుతుందన్నారు. గోడ గడియారం రెండు నిమిషాలు ముందుకి ఉంది. ఫోనుతో సరిచూసింది, సరిచూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నేల మీద పలకల్లో మూడో వరసలో ఒకటి దారం మందం ఎత్తుగా ఉంది. ఎక్కడికి వెళ్లినా ఆమె కళ్లు ఇలాంటివే వెతుక్కుంటాయి, ఇక్కడ కూడా మానలేదు. కాకినాడ కాలేజీలో బీయస్సీ చదివేటప్పుడు ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కొలత మూడుసార్లు తీసి సగటు రాసేది ఒక్క పద్మినే. ఇప్పటికీ మైసూర్‌పాక్ చేస్తే శనగపిండి గ్రాముల్లో తూచి పోస్తుంది. జాకెట్టు పావు అంగుళం వదులైందని వరాఛాలో ఉన్న టైలర్ దగ్గరికి, అంత దూరం, రెండుసార్లు తిరిగింది. నీకు కూతురుంటే దాని పెళ్లికి వరుడి ముక్కు కొలుస్తావు పద్దూ అని ఆయన ఏడిపించేవాడు. కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ పడిపోయిందో తెలియదు. ఆటోలో ఎక్కించిన లారీ డ్రైవరు అన్నీ ఏరి ఇచ్చాడు, హెల్మెట్టు, పర్సు, కొబ్బరిబోండాం సంచి కూడా, చెప్పు మాత్రం ఇవ్వలేదు. కొబ్బరిబోండాలు రెండూ చెక్కుచెదరలేదు, ఇప్పుడు కుర్చీ కింద ఉన్నాయి. ఆటోలో ఆయన తల తన ఒళ్లో పెట్టుకుంటే, నీకేం కాలేదు కదా, నీకేం కాలేదు కదా, అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ లేదండీ అంది. నాలుగోసారి అడగలేదు, కళ్లు మూసుకున్నాడు.

బండి వాళ్ల పెళ్లికన్నా మూడు నెలలు పెద్దది. హజీరాలో ఉద్యోగం వచ్చిన మొదటి జీతాలతో కొన్న ఎర్ర స్పోర్ట్స్ బైకు, ముందుకి వంగి కూర్చునేది, వెనక సీటు పీటంత ఎత్తుగా ఉండేది. కొత్త పెళ్లికూతురిగా సూరత్ స్టేషన్లో దిగిన పద్మిని సామాను ఆటోలో వేసి దాని మీదే ఇంటికొచ్చింది. అప్పుడు ఆమె యాభై ఐదు కిలోలు. అప్పుడు నిజంగానే. తర్వాత కారొచ్చింది, బండి అపార్ట్‌మెంటు సెల్లారులో గుడ్డ కప్పుకుని పడుకుంది, పదిహేనేళ్లు నిండాక అమ్మేస్తాడనుకుంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకొచ్చాడు. నలభై మూడో ఏట బీపీ మాత్ర మొదలైన నెలలోనే ఆయనకి ఆ బండి గుర్తొచ్చింది. పొద్దస్తమానం ఫోనులో వీడియోలు చూసేవాడు. పాత చక్రాలు సన్నగా సైకిల్ చక్రాల్లా ఉన్నాయట, ఫ్యాక్టరీలో కుర్రాళ్ల బళ్ల పక్కన పెడితే చిన్నబోతోందట, అంగుళం పెద్ద చక్రాలు, వెడల్పు టైర్లు వేస్తే మళ్లీ కొత్త ప్రాణం వస్తుందట. బండికా మీకా, అంది పద్మిని. ఇద్దరికీ, అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూసి, గ్యారేజీకి ఎప్పుడు వెళ్దాం, అంది.

ఇచ్ఛాపూర్‌లో పరుశురాం గ్యారేజీ, రేకుల షెడ్డు. పరుశురాంది జగిత్యాల వైపు. వాళ్ల నాన్న సాంబయ్య జోల్వాలో మగ్గాల మీద ముప్ఫయ్యేళ్లు పనిచేశాడు. దారం చుట్టి మగ్గం మీదికి ఎక్కించే ప్రతి బీము మీదా దారాల లెక్క సుద్దతో రాసేవాడట, రాయనిది గుర్తుండదు కొడకా అనేవాడట. అందుకే కొడుకు కూడా ఏ బండి మీద పని చేసినా తన కొలత ఎక్కడో లోపలివైపు తెల్ల పెయింటుతో రాస్తాడు. ఇదంతా ఫిబ్రవరిలో ఆ రోజు అతనే చెప్పాడు, చక్రాలు బిగిస్తూ. పద్మినికి అతను నచ్చాడు. బోల్టు బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించే మనిషి ఎవరికి నచ్చడు, కనీసం పద్మినికి నచ్చకుండా ఉండడు. పెద్ద చక్రం ఎక్కాక టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు తగ్గిపోయింది. మనిషి కూర్చుంటే షాకప్ కుంగి ఇంకా తగ్గుతుంది. ఆయన బరువు అడిగి, కూర్చోబెట్టి కొలిచాడు. తర్వాత పద్మిని వైపు తిరిగి, జర నువ్వు గూడ కూసో అక్కా, ఎంత కిందికి దిగుతదో చూస్త, అన్నాడు. పక్కన టీకొట్టు దగ్గర నలుగురు మగవాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. తను ఎక్కుతుంది, బండి దిగుతుంది, ఎంత దిగిందో వాళ్లు చూస్తారు, ఇతను కొలబద్ద పెట్టి పైకి చదువుతాడు. కూర్చోవడం ఎందుకు, బరువు చెప్తే నువ్వు లెక్క వేసుకోలేవా, అంది. వేసుకుంట అక్కా, ఎంతో చెప్పు. యాభై ఐదు, అంది. ఇంట్లో మంచం కిందున్న తూకం మీద అంతకుముందు ఆదివారమే ఎవరూ లేనప్పుడు ఎక్కి చూసుకుంది, అరవై తొమ్మిది. ఆయన ఇటు తిరిగి చూశాడు. మీసం చివర సన్నని నవ్వు. ఏమీ అనలేదు.

పరుశురాం లెక్క వేసుకోలేదు. అంకెని నమ్మే మనిషి కాదు, సందుని చూడాలి. పక్కన ఇటుకల దుకాణం నుంచి యాభై కిలోల సిమెంటు బస్తా భుజాన వేసుకొచ్చాడు, కిరాణా కొట్టులో ఐదు కిలోల తూకం రాయి అడిగి తెచ్చాడు, రెండూ వెనక సీటు మీద పెట్టి తాడుతో కట్టాడు, ఆయన్ని ముందు కూర్చోమన్నాడు. పద్మిని నిలబడి చూసింది, తన చోట బూడిదరంగు బస్తా ఆయన వీపుకి ఆనుకుని కూర్చుంది. ఇదే నయ్యం సార్, వెనకకెల్లి తిట్టది, అన్నాడు పరుశురాం. టీకొట్టు వాళ్లకి తెలుగు రాకపోయినా నవ్వారు, ఆయన నవ్వాడు, పద్మిని కూడా నవ్వింది. అతను అట్టముక్క సందులో పెట్టి జరిపి చూశాడు, బండిని రెండు చేతులతో కిందికి నొక్కి ఎగరేసి చూశాడు. సరిపోయింది, అన్నాడు, కొంచమే మిగిలింది గానీ సరిపోయింది, ఇంకో పది కిలోలు ఎక్కితే గుంతల్ల టైరు పోయి మడ్‌గార్డుకు తాకుతది, మీరిద్దరే గదా తిరిగేది, ఫికర్ లేదు. అప్పుడు చెప్పొచ్చు. పది కాదు పద్నాలుగు అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది. వెర్నియర్ మీద ఒక గీత తేడా వస్తే రికార్డు మొత్తం తిరగరాసిన పద్మిని, పద్నాలుగు కిలోలు మింగేసి, వెళ్దామా అంది.

లోపల్నుంచి ఎవరో వచ్చారు. డాక్టరు కాదు, వార్డుబాయ్. తలుపు మూసుకుంది. చక్రాలు మార్చిన మొదటివారమే తెలిసింది. స్పీడు బ్రేకరు దగ్గర సీటు కిందనుంచి గర్రుమని ఒక చప్పుడు, నడుముకి తగిలేది, చెవికన్నా ముందు. కొత్త టైరు కదా అన్నాడాయన. ఇంటికొచ్చాక సెల్లారులో తెల్ల పలకల మీద వెనక చక్రం దగ్గర నల్లటి పొడి, కాటుక రాలినట్టు. రబ్బరు పొడి. ప్రతి ఆదివారం సువాలి బీచ్ దాకా వెళ్లొచ్చాక ఆయన స్నానానికి వెళ్లగానే తడిగుడ్డ తీసుకుని కిందికి దిగి తుడిచేసేది. మరక కనపడితే ఓర్చుకోలేని మనిషి కదా, అందుకే అనుకుంది. ఎవరైనా అడిగితే అదే చెప్పేది. చున్నీ అంచుకి అంటిన నలుపుని నిమ్మకాయతో రుద్ది పోగొట్టింది. ఎనిమిది ఆదివారాలు. చేతిలో ఉన్న రుజువుని ఎనిమిదిసార్లు బకెట్లో పిండి కాలవలో పోసింది. తర్వాత ఇంకో విద్య నేర్చుకుంది. స్పీడు బ్రేకరు దూరం నుంచి కనపడగానే రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద బిగించి సీటు మీంచి వేలెడు పైకి లేచేది, బండి ఎగిరి దిగేదాకా మోకాళ్ల మీద ఊగి, మళ్లీ కూర్చునేది. అలా లేస్తే బరువు ఎక్కడికీ పోదని, ఫుట్‌రెస్టు కూడా ఆ బండిదేనని బీయస్సీ చదివిన ఆమెకి తెలుసు. కానీ చప్పుడు తగ్గేది. చప్పుడు తగ్గితే చాలనుకుంది. సువాలి దాకా పదకొండు స్పీడు బ్రేకర్లు, పోనూ రానూ ఇరవై రెండు. ఇరవై రెండుసార్లు యాభై ఐదు కిలోల మనిషి అయ్యేది.

ఇవాళ పంతొమ్మిది అయ్యాయి. సముద్రం నీళ్లు వెనక్కి వెళ్లి బురద తేలి ఉంది, కొబ్బరినీళ్లు తాగి, ఇంటికి రెండు బోండాలు కట్టించుకుని బయల్దేరారు. ఇచ్ఛాపూర్ ఇంకా రాలేదు. ఎదురుగాలి, ఆయన హెల్మెట్టు అద్దం పైకెత్తి, తల కొంచెం పక్కకి తిప్పి, పద్దూ, వెనక నువ్వున్నట్టే లేదు, పెళ్లైన కొత్తలో ఎలా ఉండేదో అలాగే ఉంది బండి, అన్నాడు. ఆ మాట ఎలా తగిలిందంటే, ఎవరో వెచ్చటి శాలువా కప్పినట్టు. రెండు నెలలుగా ఆయన వీపుని ముట్టుకోకుండా, మోకాళ్లు బిగించి, ఎప్పుడు లేవాలా అని రోడ్డు చూస్తూ కూర్చున్న మనిషి ఒక్కసారి వదులైపోయింది. నడుము వదిలేసింది, ముందుకి వాలి ఆయన భుజం మీద గడ్డం ఆనించింది, కళ్లు మూసుకుంది. ఇరవయ్యో స్పీడు బ్రేకరు చూడలేదు. గర్రుమనలేదు ఈసారి. ఫట్‌మని ఏదో విరిగింది, తర్వాత వెనక చక్రం తిరగడం ఆగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. ఎంత దూరం జారిందో. టైరు రోడ్డుని గీస్తున్న చప్పుడు, ఆయన చెయ్యి వెనక్కి వచ్చి తన మోకాలు పట్టుకోవడం, ఆకాశం, లారీ బ్రేకు. పట్టుకోవాల్సింది హ్యాండిల్. వెనక నువ్వున్నట్టే లేదన్న మనిషి, తను ఉన్నదని వెనక్కి చెయ్యి చాచాడు. అంటే ఆయనకి తెలుసా. ఆ మీసం చివరి నవ్వు. పదిహేనేళ్లుగా పక్కన పడుకున్న మనిషికి పద్నాలుగు కిలోలు తెలియకుండా ఉంటాయా. నలుగురిలో తన మాట కాదనకూడదని ఆ రోజు ఊరుకున్నాడు, తర్వాత చప్పుడు విని కూడా కొత్త టైరన్నాడు. పద్మిని అరచేత్తో నోరు మూసుకుంది. కొబ్బరిబోండాం సంచి కాలికి తగిలి దొర్లింది.

"చెల్లెమ్మా" అన్నారు రామారావుగారు. ఆయన ఎప్పుడొచ్చారో గుర్తులేదు. ఫ్యాక్టరీలో లక్ష్మీకాంత్‌కి సీనియరు, అదే అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు, అందరి పనులూ మీద వేసుకునే మనిషి. చేతిలో నీళ్లసీసా, వెనక కానిస్టేబుల్. యాక్సిడెంటు కేసు కాబట్టి ఆసుపత్రి వాళ్లే స్టేషనుకి చెప్పారట, భార్య వాంగ్మూలం కావాలట. రామారావుగారే అంతా చెప్పి రాయించేశారు, ఆమెకి కష్టం కలగకూడదని. కానిస్టేబుల్ కాగితం చేతికిచ్చాడు. గుజరాతీ చదవడం పద్మినికి మెల్లగా వస్తుంది, కూడబలుక్కుంటూ చదివింది. పాత బండికి పెద్ద చక్రాలు బిగించిన మెకానిక్ పరుశురాం, సందు సరిచూడకుండా, నిర్లక్ష్యంగా. సరిచూడకుండా అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగింది. "ఆ షెడ్డు మూయించేదాకా నేను నిద్రపోను" అంటున్నారు రామారావుగారు, "ఇలాంటివాళ్ల చేతుల్లో ఎంతమంది కాళ్లు పోవాలి. నువ్వు ఇక్కడ ఒక్క సంతకం పెట్టమ్మా, మిగతాది నేను చూసుకుంటా." పెన్ను కూడా ఇచ్చారు. పెన్ను బాగా రాస్తుందో లేదో అని కాగితం మూల ఒక గీత గీసి చూసింది పద్మిని. రాస్తోంది.

అప్పుడొచ్చాడు పరుశురాం, మెట్ల వైపు నుంచి. ఆదివారం కాబట్టి తెల్లచొక్కా వేసుకున్నాడు, మోకాళ్ల దగ్గర ప్యాంటుకి రోడ్డు మట్టి. బండి పడిన చోటికి వెళ్లి వచ్చినట్టున్నాడు. ఒక చేతిలో పద్మిని కుడికాలి చెప్పు. ఇంకో చేతిలో విరిగిన మడ్‌గార్డు ముక్క. చెప్పు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు, వంగి, జోడు కలిపి. రామారావుగారు ఏదో అనబోతే వినలేదు, ఆయన అక్కడ ఉన్నట్టే చూడలేదు. మడ్‌గార్డు ముక్కని లోపలివైపు పైకి వచ్చేలా తిప్పి ఆమె ముందు పట్టాడు. టైరు ఒరుసుకున్న చోట నల్లగా, నున్నగా, గిన్నె అడుగులా మెరుస్తోంది. దాని పక్కనే, ఒరుపు తగలని చోట, తెల్ల పెయింటుతో గుండ్రటి తెలుగు అక్షరాలు. ముందు 78. వెనక 55.

"రాసిన అక్కా. నేను రాసిందే, నా చెయ్యే" అన్నాడు. "బస్తా పెట్టి చూసిన, నువ్వు ఉన్నవ్ గదా ఆడ. గింత సందున్నది. ఇన్నప్పటికెల్లి లెక్క చేస్తున్న, యాడ తప్పిననో తెలుస్తలేదు. మా నాయిన ముప్పై ఏండ్లల్ల ఒక్క బీము తప్పు రాయలే. సార్ కాలు పాయె నా వల్ల. ఇగ పాన పట్ట అక్కా."

పాన పట్టను అంటున్నాడు. బోల్టు బిగించి, విప్పి, మళ్లీ బిగించే మనిషి. తనలాంటి మనిషి. ఈ ఊరు మొత్తం మీద కొలతకి కట్టుబడి బతికే రెండో మనిషి ఆ కొలత తప్పిందని తన చేతుల్ని చూసుకుంటున్నాడు, అటూ ఇటూ తిప్పి, దెబ్బ ఎక్కడుందో వెతుకుతున్నట్టు. ఇతను తిడితే బాగుండేది. ఇతను అనుమానిస్తే, నీ బరువెంత నిజం చెప్పు అని అడిగితే, అప్పుడైనా చెప్పేది. అడగడు. అక్క చెప్పింది కాబట్టి అది యాభై ఐదే, తప్పు ఇంకెక్కడో ఉండాలి. తలుపు తెరుచుకుని ఇంకో నర్సు తల బయటికి పెట్టి, స్కాన్‌లో తలకి ఏమీ లేదు బేన్, కాలి ఆపరేషన్ మొదలుపెడుతున్నారు, అని చెప్పి మాయమైంది. ఆయన లేస్తాడు. లేచి, కళ్లు తెరిచి, మళ్లీ ఆ నవ్వే నవ్వుతాడు, ఏమీ అనడు, జీవితాంతం ఏమీ అనడు. అది తలుచుకుంటే రోడ్డు మీద జారుతున్నప్పటికన్నా ఎక్కువ భయం వేసింది.

కాగితం రామారావుగారి చేతిలో పెట్టేసింది, పెన్ను కూడా. "సంతకం పెట్టలేదేమ్మా" అన్నారు. "సరిచూశాడు అన్నయ్యగారూ" అంది. ఆయనకి అర్థం కాలేదు. పద్మిని లేచింది. నర్సుల బల్ల దాకా పది అడుగులు, అతను తెచ్చిన చెప్పు తొడుక్కోకుండానే, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా. తూకం యంత్రం దగ్గర ఆ ఒక్క చెప్పూ విడిచి పక్కన పెట్టింది, దాని బరువు కలవకూడదు. నర్సు ఆమెని చూసి, ఇందాకటి కాగితం కోసం తనంతట తానే బల్ల మీద వెతుక్కోవడం మొదలుపెట్టింది. వరండాలో కూర్చున్న వాళ్లంతా చూస్తున్నారు. ఎవరికో మోకాలి కట్టు, ఎవరి ఒళ్లోనో బిడ్డ, టీకొట్టు దగ్గర ఉన్నది నలుగురే, ఇక్కడ పదిహేనుమంది ఉంటారు.

"పరుశురాం, ఇలా రా. మీరు కూడా రండి" అని కానిస్టేబుల్‌ని పిలిచింది. "నీ కొలత ఎక్కడా తప్పలేదు. నేను ఇచ్చిన అంకె తప్పు."

ఎక్కింది. ముల్లు ఒక్క ఊపున లేచి డెబ్బై దాటి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకి వెళ్లి ఊగింది. రెండు నెలల అలవాటు, మోకాళ్లు బిగిసి పాదాలు మునివేళ్ల మీదికి లేవబోయాయి. మడమలు కిందికి దించింది. ఆగేదాకా ఆగాలి, ముల్లు కదులుతుండగా చదవకూడదని ల్యాబులో మొదటిరోజే చెప్తారు. ఆగింది.

"చదువు" అంది.

పరుశురాం వంగి చూశాడు. తల ఎత్తకుండానే, "అరవై తొమ్మిది అక్కా" అన్నాడు, పక్కవాళ్లకి వినపడకూడదన్నట్టు, దాదాపు గొంతులోనే.

"గట్టిగా చెప్పు" అంది పద్మిని. "కానిస్టేబుల్ రాసుకోవాలి."